అయనావరణపు కొలతలు: రెండు ఉపగ్రహముల సాక్ష్యము ఎంతవరకు ఏకీభవించును?

ఒకప్పుడు మార్కాపురం పలకను ఎరుగని పాఠశాల తెలుగునాట ఉండెడిది కాదు. అట్టి పలక నొకదానిని తీసికొని, ఇద్దరు విద్యార్థుల చేతికి రెండు కొలబద్దల నిచ్చి, పొడవు కొలువుమన్నామనుకొందము. ఒకడు 25 సెంటీమీటర్లనెను, రెండవవాడు 24 అనెను. ఉపాధ్యాయుడేమి చేయవలెను? రెండు సంఖ్యలను కూడి సగము చేసి 24.5 అని నల్లబల్లపై వ్రాయుట సులభము. కాని అది శాస్త్రము కాదు. ఏ కొలబద్ద అంచు అరిగినది, ఎవడు సున్న వద్దనుండి మొదలిడెను, ఎవడు చెక్క చట్రమును కూడ కలుపుకొనెను అని విచారించుటయే శాస్త్రము.

పలక మన యెదుట ఉన్నది కనుక ఈ విచారణ తేలిక. అదే మార్కాపురమునకు 500 కిలోమీటర్ల పైన, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగిడుచున్న రెండు ఉపగ్రహములు చెప్పు సంఖ్యలు భిన్నముగా నున్నచో, ఎవరి మాట నమ్మవలెను? ఇటువంటి తులనలను గూర్చిన వ్యాసములు గత పదేండ్లలో చాల వెలువడినవి. వాటిలోని మంచిని, లోపమును, అవి మన ప్రాంతమునకు ఎంతవరకు వర్తించునను విషయమును పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

కొలవబడు వస్తువు

సూర్యుని అతినీలలోహిత కిరణములును, ఎక్స్ కిరణములును వాయుమండలపు పైపొరలలోని అణువులనుండి ఎలక్ట్రానులను ఊడగొట్టును. అట్లు విడివడిన ఎలక్ట్రానులు, ధనావేశము గల అయానులు కలసియున్న పొరయే అయనావరణము. ఆ మిశ్రమమునకు ప్లాస్మా యని పేరు. ఒక ఘనమీటరులో ఎన్ని ఎలక్ట్రానులున్నవను సంఖ్యయే ప్లాస్మా సాంద్రత. పగటివేళ సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఈ సంఖ్య లక్ష కోట్ల ప్రాంతమున ఉండును. ఆ సాంద్రత గల పొర 9 మెగాహెర్ట్జుల పౌనఃపున్యము వరకు గల రేడియో తరంగములను నిలువుగా పంపిన తిరిగి క్రిందికి మరలించును. ఘనమీటరులోని ఎలక్ట్రానుల సంఖ్యకు వర్గమూలము కట్టి 9తో గుణించిన, హెర్ట్జులలో ఈ పౌనఃపున్యము వచ్చును. ఉన్నత పాఠశాల విద్యార్థియు ఈ లెక్క చేయగలడు.

ఈ సూత్రము నాధారముగా గొని భూమినుండి తరంగములను పంపి ప్రతిధ్వనిని వినెడి యంత్రము అయనోసోండు. మన తెలుగునాట ఈ పరిశోధనకు పాత చరిత్ర కలదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్ర శాఖలో ఆచార్య బి. రామచంద్రరావుగారి నాయకత్వమున 1950ల నాటికే అయనావరణ పరిశోధన సాగినది. కాని అయనోసోండు సాంద్రత మిక్కుటముగానున్న మట్టమువరకే చూడగలదు. దానికి పైనున్న భాగము తన కంటికి మరుగు. ఆ పైభాగమును చూచుటకే ఉపగ్రహములు అవసరమైనవి. శ్రీహరికోటనుండి 1994 మే 4న ప్రయోగింపబడిన స్రాస్-సి2 ఉపగ్రహము అట్టి కొలతలు చేసిన మన దేశపు ఉపగ్రహము.

పరికరములు మూడు, పేరు ఒక్కటే

కంభం చెరువు నీటిని కొలుచుటకు ఎన్ని మార్గములు కలవో ఆలోచింపుడు. పడవలో పోయి వెదురుగడ దించి ఒకచోట లోతు చూడవచ్చును. కట్టమీద తూమువద్ద నిలిచి మట్టము చూచి, చెరువంతటిలోని నీటిని లెక్కగట్టవచ్చును. రెండును నీటి కొలతలే. కాని ఒకటి ఒక చోటి లోతు, రెండవది మొత్తము. ఈ రెంటిని పోల్చదలచినవాడు నడుమ ఒక లెక్కను, ఆ లెక్కలో కొన్ని ఊహలను వాడక తప్పదు.

ఉపగ్రహముల విషయమున గూడ ఇట్లే. ఐరోపా అంతరిక్ష సంస్థ 2013 నవంబరు 22న ప్రయోగించిన స్వార్మ్ అను మూడు ఉపగ్రహములు లాంగ్మ్యూర్ ప్రోబు అను చిన్న లోహగోళములను ముందుకు చాచి, వాటికి తగులు విద్యుత్ప్రవాహమును కొలుచును. 2018 ఫిబ్రవరి 2న చైనా ప్రయోగించిన జాంగ్‌హెంగ్-1 కూడ అట్టి ప్రోబునే కలిగియున్నది. ఇవి వెదురుగడ వంటివి. తామున్న చోటి సంగతినే చెప్పును. ఇక 2006లోను, 2019లోను ప్రయోగింపబడిన కాస్మిక్ ఉపగ్రహముల పద్ధతి వేరు. అవి జి.పి.ఎస్. ఉపగ్రహములు పంపు రేడియో సంకేతములు అయనావరణమును అడ్డముగా దాటి వచ్చునపుడు కలుగు మార్పును కొలిచి, దారి పొడవునను గల ఎలక్ట్రానుల మొత్తమునుండి ఒక్కొక్క ఎత్తునందలి సాంద్రతను లెక్కగట్టును. మూడును ప్రకటించు ఫలితమునకు మాత్రము పేరొక్కటే: ఎలక్ట్రాను సాంద్రత.

పేరొక్కటైనంత మాత్రమున కొలతయు ఒక్కటే యనుకొనుట మొదటి పొరపాటు. స్వార్మ్ సాంద్రత నిజమునకు అయానులను బట్టి లెక్కించినది. ప్లాస్మాలో ధన, ఋణావేశములు సమానముగా నుండును గనుక, అయానుల సంఖ్యయే ఎలక్ట్రానుల సంఖ్య యని గ్రహింతురు. ఇందులో దోషము లేదు. కాని ఆ లెక్కలో అయానులన్నియు ఆక్సిజన్ అయానులే యను మరియొక ఊహ కలదు. పగటివేళ అది ఇంచుమించు సత్యము. రాత్రివేళ, అందును సూర్యుని చురుకు తక్కువగానున్న సంవత్సరములలో, హైడ్రోజన్, హీలియం అయానులు ఆ ఎత్తునకు దిగివచ్చును. తేలికయైన అయాను విద్యుత్పీడనమునకు సులభముగా లొంగును. పరికరమో, లొంగుబాటు ఎక్కువగా కనబడగానే సంఖ్య ఎక్కువయని భ్రమించును. వేడివలని చలనమును విడిచి సరళముగా లెక్కించిన, నూటికి 5 అయానులు మాత్రమే హైడ్రోజనువైనను, 95 ఆక్సిజనుకు 95, 5 హైడ్రోజనుకు 16 రెట్లు చొప్పున 80, వెరసి 175 వచ్చును. అనగా ఉన్నది 100, చూపునది 175! స్వార్మ్ రాత్రి కొలతలు తక్కువ సౌరక్రియాకాలమున వాస్తవమునకు మించి యుండునని తరువాతి పరిశోధకులు గుర్తించుటకు మూలమిదియే.

తులన చేసినవారి తీర్పు

ఇక తులనలకు వత్తము. స్వార్మ్ కొలతలను భూమిమీది ఇన్‌కోహెరెంట్ స్కాటర్ రాడారులతోను, కాస్మిక్ ఫలితములతోను పోల్చి 2018లో వెలువడిన పరిశోధన ఈ రంగమున మేలైనది. అది స్వార్మ్ సాంద్రతను మొత్తముమీద కొంత తక్కువగాను, ఎలక్ట్రాను ఉష్ణోగ్రతను కొన్ని వందల డిగ్రీలు ఎక్కువగాను చూపుచున్నదని తేల్చి, సవరణలను సూచించినది. రెండు పరికరములు ఏకీభవించినవని తృప్తిపడక, ఎంత తేడా, ఏ దిక్కునకు తేడా యని లెక్కగట్టుట దీని గుణము.

జాంగ్‌హెంగ్-1కును స్వార్మ్‌కును జరిగిన తులనలలో మరియొక రకపు ఫలితము కనబడినది. సాంద్రత భూగోళముమీద ఎక్కడ హెచ్చు, ఎక్కడ తగ్గు అను చిత్రము రెంటిలోను చక్కగా కలసినది. కాని అసలు సంఖ్యలు కలియలేదు. జాంగ్‌హెంగ్-1 సంఖ్యలు స్పష్టముగా తక్కువ. పరిశోధకులు దీనిని దాచలేదు. సంఖ్యను యథాతథముగా నమ్మరాదు గాని, హెచ్చుతగ్గులను పరిశీలించుటకు పనికివచ్చునని చెప్పిరి.

ఈ తీర్పు వినుటకు సమంజసముగా నున్నది. అయినను దీనిలో ఒక మెలిక కలదు. దానిని విద్యార్థులు గ్రహించిన చాలును, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినట్లే.

ఒక ఉదాహరణము కల్పించుకొందము. నిజమైన సాంద్రత నిన్న 10, నేడు 12. పెరుగుదల నూటికి 20. మొదటి పరికరము ఎప్పుడును అయిదవ వంతునే చూపునది. అది నిన్న 2 అనియు, నేడు 2.4 అనియు చెప్పును. సంఖ్యలు తప్పు, కాని పెరుగుదల నూటికి 20, అది సరియే. రెండవ పరికరము ఎప్పుడును 8 తక్కువ చూపునది. అది నిన్న 2 అనియు, నేడు 4 అనియు చెప్పును. పెరుగుదల నూటికి 100! రెండు పరికరముల గీతలును నిజమైన గీతతో పాటే ఎగసి, పాటే దిగును. సహసంబంధ గుణకము కట్టిన రెంటికిని సంపూర్ణముగా 1 వచ్చును. అయినను ఒకటి హెచ్చుతగ్గుల విషయమున నిజము చెప్పుచున్నది, రెండవది అయిదు రెట్లు పెంచి చెప్పుచున్నది.

కావున చిత్రములు కలసినవి, గుణకము 1కి దగ్గరగానున్నది అను మాటలు చాలవు. తేడా గుణకారపు తేడాయా, తీసివేతపు తేడాయా? పగలు, రాత్రి ఒక్కటేనా? సాంద్రత ఎక్కువైనపుడును తక్కువైనపుడును మారక నిలుచునా? ప్రోబు ఉపరితలము కాలక్రమమున మలినమైన మారునా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పని తులన సగము తులనయే. ప్రకటితమైన వ్యాసములలో చాలవరకు రంగుల పటములకు ఇచ్చిన చోటు ఈ ప్రశ్నలకు ఇయ్యలేదు. ఇది మా మొదటి ఆక్షేపణ.

ఎత్తు, వేళ, చోటు

రెండవ ఆక్షేపణ ఎత్తును గూర్చి. స్వార్మ్ ఉపగ్రహములలో రెండు కార్యారంభమున సుమారు 460 కిలోమీటర్ల ఎత్తునను, ఒకటి సుమారు 510 కిలోమీటర్ల ఎత్తునను తిరిగినవి. జాంగ్‌హెంగ్-1 ఎత్తు సుమారు 507. ఏబది కిలోమీటర్లు స్వల్పమని తోచును. ఎలక్ట్రానుల, అయానుల ఉష్ణోగ్రతలు 1,000 కెల్విన్‌లనుకొని లెక్కించిన, ఆక్సిజన్ అయానుల ప్లాస్మా ప్రతి 120 కిలోమీటర్లకు సుమారు 2.7వ వంతునకు పలుచబడును. ఆ లెక్కన 50 కిలోమీటర్లు పైకి పోయిన మూడింట ఒక వంతు తరుగును. పరికరములు రెండును నిర్దుష్టములైనను సంఖ్యలు మూడింట ఒక వంతు వేరుగ నుండునన్నమాట. దీనిని సవరించి పోల్చిరి గదా యనవచ్చును. కాని ఆ సవరణ సూత్రము సాంద్రతాశిఖరమునకు బాగుగా పైనున్నచోటనే చెల్లును. అయస్కాంత భూమధ్యరేఖ సమీపమున సూర్యుడు చురుకుగానున్న ఏండ్లలో ఆ శిఖరమే పైకి లేచి ఉపగ్రహపు ఎత్తునకు చేరువగును. అప్పుడు సూత్రము చెల్లదు.

మూడవది వేళ. జాంగ్‌హెంగ్-1 ఏ ఊరిమీదుగా పోయినను అక్కడ పగలు రెండు గంటలో, రాత్రి రెండు గంటలో అగును. స్వార్మ్ వేళ దినదినము కొంచెము కొంచెముగా జరుగుచు, అన్ని వేళలను చుట్టివచ్చుటకు నాలుగైదు నెలలు పట్టును. కనుక రెంటి వేళలు కలియు దినములు కొద్ది. ఉదయము పది గంటల కొలతను పగలు రెండు గంటల కొలతతో పోల్చుట, ప్రొద్దుటి ఎండను మిట్టమధ్యాహ్నపు ఎండతో పోల్చి ఉష్ణమాపకము చెడినదనుట వంటిది.

నాలుగవది చోటు. ఇదియే మనకు ముఖ్యము. మన దేశపు రేఖాంశములలో అయస్కాంత భూమధ్యరేఖ తుంబాకు సమీపమున, ఇంచుమించు 8, 9 డిగ్రీల ఉత్తర అక్షాంశమున పోవుచున్నది. పగటివేళ అక్కడి విద్యుత్ క్షేత్రము ప్లాస్మాను పైకెత్తును. ఎత్తబడిన ప్లాస్మా అయస్కాంత బలరేఖల వెంట ఉత్తరమునకును, దక్షిణమునకును జారును. చిమ్మనగ్రోవి నీరు నడుమ లేచి ఇరుప్రక్కల పడినట్లు, భూమధ్యరేఖపై పలుచగాను, ఇరుప్రక్కల దట్టముగాను సాంద్రత ఏర్పడును. దీనిని ఆపిల్టన్ 1946లో ప్రకటించెను. ఉత్తరపు దట్టమైన పట్టీ సామాన్యముగా అహమ్మదాబాదు, భోపాలు ప్రాంతములపై నుండును. సూర్యుడు మందగించిన ఏండ్లలో దక్షిణమునకు ఒదుగును.

గిద్దలూరు 15.4 డిగ్రీల అక్షాంశమున, మార్కాపురము 15.7 డిగ్రీల అక్షాంశమున కలవు. అనగా ఈ పశ్చిమ ప్రకాశము పల్లమునందును లేదు, శిఖరమునందును లేదు. రెంటినడుమ ఏటవాలుపై నున్నది. ఏటవాలుమీద నిలిచి కొలుచువానికి నాలుగడుగుల తేడాయే పెద్ద తేడా. నల్లమల కనుమలలో నడచినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఉపగ్రహము గిద్దలూరికిని మార్కాపురమునకును నడుమగల 55 కిలోమీటర్ల పాటి దూరమును ఏడు సెకనులలో దాటును. సెకనుకు రెండు కొలతల చొప్పున ఆ నడుమ స్వార్మ్ చేయునవి పదునాలుగు. తుంబానుండి అహమ్మదాబాదు అక్షాంశము వరకు పోవుటకు నాలుగు నిమిషములు చాలును.

కాస్మిక్ పద్ధతికి ఈ ఏటవాలు మరింత చిక్కు తెచ్చును. 300 కిలోమీటర్ల ఎత్తును తాకుచు పోవు రేడియో కిరణము, 550 కిలోమీటర్ల ఎత్తునకు లోపల నడచు దారియే 3,600 కిలోమీటర్లకు పైబడును. ఆ దారి పొడవున సాంద్రత ఎత్తును బట్టియే మారును గాని చోటును బట్టి మారదని ఆ లెక్క ఊహించును. ఉత్తర దక్షిణములుగా పోవు కిరణము పల్లమును, శిఖరమును రెంటిని దాటివచ్చుచుండగా ఈ ఊహ ఎట్లు నిలుచును? శిఖరమున సాంద్రతను తగ్గించి, దాని ఇరుప్రక్కల పెంచి, శిఖరము క్రింద లేని గుహలను ఈ లెక్క సృష్టించునని 2010లో ప్రకటించిన పరీక్షలు చూపినవి. అట్టి ఫలితమును కొలబద్దగా నిలిపి స్వార్మ్‌ను దిద్దుట జాగ్రత్తగా చేయవలసిన పని.

రాడారులతో దిద్దవచ్చునందుమా, ఆ 2018 తులనకు వాడిన ఇన్‌కోహెరెంట్ స్కాటర్ రాడారులలో ఏదియు మన దేశమున లేదు. మార్కాపురమునకు దక్షిణముగా, ఇంచుమించు అదే రేఖాంశమున, 250 కిలోమీటర్ల దూరమున గాదంకి రాడారు కలదు. అది ప్లాస్మాలోని అలజడులను చక్కగా పట్టును గాని, సాంద్రతను ఎత్తువారీగా కొలుచుట దాని ముఖ్యవృత్తి కాదు. కావున పరదేశపు ఆకాశమున దిద్దిన త్రాసుతో మన సరకును తూచుచున్నామని గుర్తుంచుకొనవలెను.

ఒక మంచి ఉదాహరణము

విమర్శ యనిన తప్పులు పట్టుట మాత్రమే కాదు. ఊహను ఊహగా గుర్తించి పరీక్షించిన మంచి పని మన చెంతనే కలదు. జి.పి.ఎస్. సంకేతములను ఆలస్యపరచు ఎలక్ట్రానులన్నియు 350 కిలోమీటర్ల ఎత్తున ఒక పలుచని పొరలో నున్నట్లు భావించి లెక్క చేయుట వాడుక. ఆ వాడుక మన అక్షాంశములకు తగునా యని విశాఖపట్నమునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన పి.వి.ఎస్. రామారావుగారును, వారి సహచరులును దేశమందలి గ్రాహకముల కొలతలతో పరీక్షించి 2006లో ప్రకటించిరి. ఉపగ్రహము దిగంతమునకు 50 డిగ్రీలకు మించిన ఎత్తున నున్నపుడు మాత్రమే ఆ ఊహ చెల్లునని వారి తీర్పు. చెల్లును అనియో, చెల్లదు అనియో ఒక్కమాటతో సరిపెట్టక, ఎంతవరకు చెల్లునో హద్దు గీచి చెప్పుట గమనింపుడు. తులన యనిన ఇట్లుండవలెను.

ఇది విమానముల వారికే గాదు, పొలము గట్లకును సంబంధించిన విషయమే. నిలువు దారిలో చదరపు మీటరుకు ఒకటి ప్రక్కన 16 సున్నలంత ఎలక్ట్రానులున్న, సామాన్య జి.పి.ఎస్. కొలతలో 16 సెంటీమీటర్ల తేడా వచ్చును. దానికి నూరు రెట్లున్న తేడా 16 మీటర్లు. భూముల పునఃసర్వే పరికరములు రెండు పౌనఃపున్యములతోను, సమీప స్థిరకేంద్రము సహాయముతోను ఈ తేడాను చాలవరకు తొలగించుకొనును. అయినను తొలగించుకొనవలసిన తేడా ఒకటి కలదని సర్వే చేయువాడును, రైతును తెలిసికొనుట మేలు.

భూకంపముల మాట

ఇంత వివరముగా విచారించుటకు మరియొక కారణము కలదు. జాంగ్‌హెంగ్-1 ప్రయోగపు ఉద్దేశములలో భూకంపములకు సంబంధించిన విద్యుదయస్కాంత సూచనలను వెదకుట ఒకటి. అంతకుముందు 2004లో ఫ్రాన్సు ప్రయోగించిన డెమెటర్ పనియు అదియే. భూకంపమునకు ముందు అయనావరణమున సాంద్రత మారినదని చెప్పు వ్యాసములు తరచు వచ్చుచున్నవి.

ప్రకాశము సీమకు ఇది కేవలము పుస్తకములలోని విషయము కాదు. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతమున 5.4 పరిమాణపు భూకంపము వచ్చినది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్ళూరు మండలములలో స్వల్ప ప్రకంపనములు కలిగి, జనులు ఇండ్లలోనుండి బయటికి పరుగిడిరి. మరునాడు బడికి వచ్చిన పిల్లవాడు, అయ్యా, ఉపగ్రహములకు ఇది ముందే తెలియదా యని అడిగిన, ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను?

పై లెక్కలన్నియు ఆ జవాబునకే. ఏటవాలుమీద నున్న మన ఆకాశమున సాంద్రత నూటికి 20 మారుట దినదినము జరుగు సంగతి. సూర్యునివలన కలుగు మార్పు అంతకన్న చాల పెద్దది. 2024 మే 10, 11 తేదీలలో వచ్చిన అయస్కాంత తుపాను భూగోళమంతటను అయనావరణమును కలచివైచినది. పరికరమునకును పరికరమునకును నడుమ తేడా కొన్నియెడల దీనిని మించినది. హెచ్చుతగ్గులను మాత్రము నమ్మవచ్చునను తీర్పులోని మెలికను ఇదివరకే చూచితిమి. ఇన్ని తేడాల నడుమ ఒక దినమున కనబడిన మార్పును భూకంప సూచనయనుటకు మిక్కిలి గట్టి సాక్ష్యము కావలెను. అట్టి సూచనలతో భూకంపమును ముందుగా చెప్పు నమ్మకమైన పద్ధతి నేటికి లేదు. పరిశోధన సాగవలసినదే, భయపెట్టుట మాత్రము తగదు. ఇంటి గోడలు గట్టిగా కట్టుకొనుట, కంపించినపుడు బల్లక్రింద తలదాచుకొనుట నేర్పుట ఉపాధ్యాయుని చేతిలోని పని.

తరగతిలో చేయదగినది

ఈ పాఠమును నేర్పుటకు ఉపగ్రహమే అక్కరలేదు. రెండు ఉష్ణమాపకములను తీసికొని వారము దినములు మూడు వేళల కొలతలు వ్రాయింపుడు. మొదట రెంటిని ఒకే నీడలో, ప్రక్కప్రక్కన ఉంచుడు. తరువాత ఒకదానిని గోడప్రక్కకు మార్చుడు. గీతలు కలసినవా యని మాత్రమే అడుగక, తేడా ఎంత, నిష్పత్తి ఎంత, అవి ఎండవేళను బట్టి మారినవా యని మూడు గడులు గీయింపుడు. మొదటి వారపు తేడా పరికరములది. రెండవ వారమున హెచ్చిన తేడా చోటిది. ఈ రెంటిని విడదీయగలిగిన విద్యార్థికి పైని తులనలు అర్థమగును. ఓపిక గలవారు స్వార్మ్ కొలతలనే పరిశీలింపవచ్చును. వాటిని ఐరోపా సంస్థ అందరికిని ఉచితముగా ఇచ్చుచున్నది. మార్కాపురము అక్షాంశమున ఒక మాసపు పగటి కొలతలను, తుంబా అక్షాంశపు కొలతలను ప్రక్కప్రక్కన వ్రాసిన ఏటవాలు కంటికి కట్టును.

రెండు ఉపగ్రహములు ఒకే మాట చెప్పిన సంతోషింపవలసినదే. కాని, అవి ఒకే ప్రశ్నకు జవాబు చెప్పుచున్నవా యని ముందు అడుగవలెను. భిన్నముగా చెప్పిన నిరుత్సాహపడనక్కరలేదు; ఆ భేదములోనే హైడ్రోజన్ అయానులు బయటపడినవి, శిఖరము క్రింది మాయగుహలు బయటపడినవి. పలకమీద తప్పు లెక్కను తడిగుడ్డతో తుడిచివేయుటకు ముందు, తప్పెక్కడ వచ్చెనో ఒక్కమారు చూచుకొమ్మని మన పెద్దలు చెప్పినది ఇందుకే.